మందుకంటే ముందు గడువు అడగండి

ప్రశ్న:

నా వయసు 34. పన్నెండు రోజుల కిందట జలుబు, జ్వరం మొదలయ్యాయి. మొదటి రోజే మందుల షాపులో అడిగి జలుబు బిళ్లలు, ముక్కులో కొట్టుకునే స్ప్రే తెచ్చుకున్నాను. ఐదో రోజుకు కఫం ఆకుపచ్చగా పడుతుంటే భయమేసి, యాంటీబయాటిక్ ఇమ్మని మళ్లీ వెళ్లాను. చీటీ లేకుండా ఇవ్వనన్నారు ఫార్మసిస్టు. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళితే గంటన్నర కూర్చున్నాక రెండు నిమిషాలు చూసి, ‘వైరల్, అదే తగ్గిపోతుంది’ అని పారాసెటమాల్ 650 రోజుకు నాలుగుసార్లు వేసుకోమని రాసి పంపించారు. ఈ మాత్రం దానికా అంతసేపు కూర్చున్నాను అనిపించింది. జలుబు బిళ్లలు కూడా రోజుకు మూడు వేసుకుంటూనే ఉన్నాను. మూడు రోజుల తర్వాత పెట్టె మీద చూస్తే అందులోనూ పారాసెటమాల్ 500 ఉంది. వెంటనే రెండూ ఆపేశాను. ఇప్పుడు జ్వరం లేదు, దగ్గు మాత్రం పోలేదు. స్ప్రే ఆపితే ముక్కు బిగుసుకుపోతోంది. నిన్న రాత్రి నుంచి మా నాలుగేళ్ల పాపకు ఒళ్లు వేడిగా ఉంది. ఇంట్లో పాత యాంటీబయాటిక్ బిళ్లలు నాలుగున్నాయి, వేసుకోవచ్చా? అసలు ఇలాంటి చిన్న జబ్బులకు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఫార్మసిస్టేమో డాక్టరు దగ్గరికి పొమ్మంటారు, డాక్టరేమో ఏమీ లేదంటారు. మా నాన్నగారి దగ్గు కూడా మామూలేనన్నారు, చివరికి న్యుమోనియా అని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు ఆ పారాసెటమాల్ లెక్క తేల్చుకుందాం. 650 చొప్పున నాలుగుసార్లంటే 2600 మిల్లీగ్రాములు. జలుబు బిళ్లల్లోంచి 500 చొప్పున మూడుసార్లు, 1500. మొత్తం 4100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఇరవై నాలుగు గంటల్లో దాటకూడని హద్దు 4000. బాగా బక్కపలచగా ఉన్నవాళ్లకి, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకి, రోజూ మద్యం తాగేవాళ్లకి ఆ హద్దు ఇంకా తక్కువ. మీరు దాటింది కొంచెమే, ఆపేసి కూడా మూడు నాలుగు రోజులైంది, కాబట్టి కంగారు పడకండి. కానీ డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. కళ్లు పచ్చబడినా, వాంతులవుతున్నా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పిగా ఉన్నా ఇవాళే వెళ్లండి. పారాసెటమాల్‌తో చిక్కేమిటంటే, మోతాదు బాగా మించిపోయినా మొదటి రోజు ఒంట్లో ఏమీ తెలియకపోవచ్చు. దానికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. మొదటి ఎనిమిది గంటల్లో మొదలుపెడితే అది చాలా బాగా పనిచేస్తుంది. అందుకే ఎప్పుడైనా ఎక్కువ మింగామని తెలిస్తే, బాగానే ఉన్నాం కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

ఇందులో తప్పెవరిది? ఫార్మసిస్టు ఇచ్చింది సరైన మందే. డాక్టరు రాసిందీ సరైన మందే. ఆయనిచ్చింది ఈయనకు తెలియదు, అంతే. ‘ఇంకేమైనా వాడుతున్నారా?’ అని డాక్టరు అడగలేదు, మీరు చెప్పలేదు. నేనూ చాలా ఏళ్లు మందుల కౌంటర్ వెనక నిలబడినవాణ్నే. సాయంత్రం రద్దీలో ఆ ఒక్క ప్రశ్న నా నోటినుంచీ చాలాసార్లు జారిపోయింది. అందుకని అడిగేదాకా ఆగకండి. వాడుతున్న ప్రతి మందు పెట్టెనూ ఫోన్‌లో ఫొటో తీసుకుని పెట్టుకోండి. బ్రాండ్ పేరు ఉన్న వైపు కాదు, సన్న అక్షరాలతో లోపలి మందుల పేర్లున్న వైపు. జలుబు బిళ్ల అంటే చాలావరకు మూడు నాలుగు మందుల కలగూరగంప. జ్వరం తగ్గాక కూడా ముక్కు కోసమని వేసుకుంటూనే ఉంటాం, దాంతోపాటు అక్కర్లేనివన్నీ లోపలికి పోతుంటాయి. పైగా ముక్కు దిబ్బడకని చాలా జలుబు బిళ్లల్లో కలిపే ఫినైల్‌ఎఫ్రిన్ నోటిద్వారా వేసుకుంటే ఉపయోగం లేదని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘమే తేల్చింది. జ్వరానికైతే జ్వరం బిళ్ల, ముక్కుకైతే ముక్కు మందు, దేనికది విడిగా అడిగి తీసుకోవడం మేలు.

ముక్కు అన్నాం కాబట్టి, మీ స్ప్రే సంగతి. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటి పేర్లు దానిమీద ఉంటే, ఇప్పుడు ముక్కు బిగుసుకుంటున్నది చాలావరకు జలుబు వల్ల కాదు, ఆ స్ప్రే వల్లే. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మందు దిగినప్పుడల్లా లోపలి పొర మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బింది కదా అని మళ్లీ కొడతాం. ఆపేయండి. ఒకేసారి కష్టమైతే ముందు ఒక ముక్కుకు మానేసి, అది తెరుచుకున్నాక రెండోదానికి మానేయండి. కొన్ని రోజులు ఇబ్బందిగానే ఉంటుంది. ఉప్పునీటి స్ప్రే వాడుకోవచ్చు, దానికి ఈ పేచీ లేదు.

ఇక యాంటీబయాటిక్. ఇవ్వనన్న ఫార్మసిస్టు మీద మీకు కోపం వచ్చినట్టుంది. నేనైతే ఆయన షాపుకే మళ్లీ వెళ్లమంటాను. ‘రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే’ అన్నట్టు అడిగిందల్లా తీసిచ్చే కౌంటర్లకు కొదవలేదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద తప్ప పనిచెయ్యదు. కఫం ఆకుపచ్చగా ఉందంటే బ్యాక్టీరియా చేరిందని అనుకోవడం చాలా పాత పొరపాటు, నేర్చుకున్నవాళ్లూ చేస్తారు. ఒంట్లో క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైమ్‌ది సహజంగానే ఆకుపచ్చ రంగు. ఆ కణాలు పోగైతే కఫానికీ ఆ రంగు వస్తుంది, కారణం వైరసైనా సరే. రంగు ఒక్కదాన్ని చూసి ఏదీ తేల్చలేం.

ఆ నాలుగు పాత బిళ్లలు మాత్రం వద్దమ్మా. అవి ఏ జబ్బుకు రాసినవో, వాటిలో మీకిప్పుడు పనికొచ్చేదేమిటో ఎవరికీ తెలియదు, నాలుగుతో కోర్సు పూర్తవుతుందో లేదో కూడా తెలియదు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగం చేస్తూ, ఈ మందు ఎవరైనా షాపులో కొనుక్కునే రోజు వస్తే జనం చాలీచాలని మోతాదు వేసుకుని క్రిములను మొండివాటిగా తయారుచేస్తారేమోనని అప్పుడే భయపడ్డాడు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా వల్లే 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఇంకో చిన్న సంగతి. గ్లాండ్యులర్ ఫీవర్ అనే వైరస్ జబ్బులో గొంతు విపరీతంగా నొప్పెడుతుంది. గొంతునొప్పే కదా అని పెన్సిలిన్ రకానికే చెందిన అమోక్సిసిలిన్ వేసుకుంటే చాలామందికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. దాన్ని పెన్సిలిన్ ఎలర్జీ అనుకుని, నిజంగా ఆ మందు అవసరమైన రోజున కూడా దూరంగా ఉండేవాళ్లు ఉన్నారు. ఆ నాలుగు బిళ్లలూ ఫార్మసిస్టుకు చూపించి ఎలా పారేయాలో అడగండి.

మరి ఇద్దరూ సరిగ్గానే చేసి ఉంటే మీకు మోసపోయినట్టు ఎందుకనిపించింది? నా లెక్క ప్రకారం, మీకు రావాల్సిందొకటి రాలేదు. అది మందు కాదు, గడువు. ‘అదే తగ్గిపోతుంది’ అన్నారు గానీ ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేదు. ఎప్పటికి తగ్గకపోతే మళ్లీ రావాలో అంతకన్నా చెప్పలేదు. గడువు తెలియనివాళ్లకు ఐదో రోజే చాలా ఆలస్యంలా కనిపిస్తుంది.

జలుబు వారం పది రోజులుంటుంది. దానివెంట వచ్చే దగ్గు జలుబు పోయాక కూడా సాగుతుంది, మూడు వారాల దాకా పట్టడం మామూలే. పన్నెండో రోజున దగ్గుతున్నారంటే మీరు దారి తప్పలేదు. గొంతునొప్పి ఎక్కువమందికి వారంలో పోతుంది. పిల్లల చెవిపోటు చాలావరకు మూడు రోజుల్లో యాంటీబయాటిక్ లేకుండానే సర్దుకుంటుంది, నొప్పికి మందిస్తే చాలు. సైనస్ పట్టేసి ముఖం బరువెక్కితే రెండు మూడు వారాలు పట్టొచ్చు. పది రోజులు దాటాక కూడా అది ఏమాత్రం తగ్గుముఖం పట్టకపోయినా, కాస్త తగ్గి మళ్లీ గట్టిగా తిరగబెట్టినా డాక్టరుకు చూపించాలి. ఈ తిరగబెట్టడం అన్నది దాదాపు అన్ని చిన్న జబ్బుల్లోనూ గుర్తుపెట్టుకోదగ్గది. నెమ్మదిగా తగ్గుతుంటే ఓపిక పట్టొచ్చు. తగ్గి, జ్వరం మళ్లీ పైకి లేస్తే ఓపిక పట్టకూడదు.

ఎవరి దగ్గరికి అన్న ప్రశ్నకు నా జవాబు కొంచెం ఒకవైపు మొగ్గుతుంది, ఎంతైనా నా వృత్తి కదా. జలుబు, మామూలు గొంతునొప్పి, ఎలర్జీ తుమ్ములు, ఒకటి రెండు విరేచనాలు, మలబద్ధకం, కడుపులో మంట, పురుగు కుట్టిన దద్దు, చిన్న కాలిన గాయం, ఇలాంటివాటికి ముందు ఫార్మసిస్టునే అడగండి. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. మందుల మధ్య పొత్తు కుదురుతుందో లేదో చూడటం ఆయన చదువులోనే ఉంది. కొన్ని దేశాల్లో ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేశారు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి నుంచి చెవిపోటు, గొంతునొప్పి, ఆడవాళ్ల మూత్రంలో మంట లాంటి ఏడు జబ్బులకు, వయసును బట్టి, లక్షణాలను బట్టి, అవసరమైతే ఫార్మసిస్టే మందు ఇవ్వొచ్చు. మీరున్నచోట ఎంతవరకు అనుమతి ఉందో ఫార్మసిస్టునే అడిగి తెలుసుకోండి.

రెండు జాగ్రత్తలు మాత్రం. కౌంటర్ వెనక కనిపించేవాళ్లందరూ ఫార్మసిస్టులు కారు. ‘ఫార్మసిస్టుతో మాట్లాడాలి’ అని ఆ మాటే అనండి. ఆడవాళ్ల సమస్యో, మూలవ్యాధో నలుగురిలో చెప్పడం ఇబ్బందైతే పక్కకు పిలవండి, ఎవరూ ఏమీ అనుకోరు. రెండోది, అమ్మకం కూడా అక్కడి పనిలో భాగమే. అందుకని ఈ ప్రశ్న వెయ్యండి: ‘ఏమీ కొనకుండా ఊరుకుంటే ఏమవుతుంది?’ మంచి ఫార్మసిస్టయితే ‘ఏమీ కాదు, వారంలో పోతుంది’ అని నవ్వుతారు. కొందరు తడబడతారు, అదీ ఒక సమాచారమే.

‘దగ్గు మందు ఇవ్వండి’ అంటే దగ్గు మందే ఇస్తారు. ‘నాకు ఎనిమిది రోజులుగా పొడి దగ్గు, రాత్రిళ్లు ఎక్కువ, బీపీకి ఫలానా బిళ్ల వాడుతున్నాను’ అంటే అసలు కథ బయటపడొచ్చు. బీపీ బిళ్లల్లో ఒక రకం, పేరు చివర ‘ప్రిల్’ అని వచ్చేవి, కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. అలాంటివాళ్లు ఎన్ని సిరప్‌లు తాగినా ఏం లాభం? ఒకాయన గుర్తొస్తున్నారు. ప్రతి వారం వచ్చి కడుపు మంటకు మందు పట్టుకెళ్లేవారు. నాకూ అలవాటై, ఆయన్ని చూడగానే సీసా తీసి పెట్టేసేవాణ్ని. మూడోసారో నాలుగోసారో ఎందుకో మాట కలిపాను. మోకాళ్ల నొప్పులకు నెలరోజులుగా ఐబుప్రొఫెన్ వాడుతున్నారట, విరేచనం తారులా నల్లగా అవుతోందట. అది కడుపులో పుండు పడి రక్తం కారుతున్న గుర్తు. ఆ పూటే ఆసుపత్రికి పంపించాను. ఐరన్ బిళ్లలు వేసుకున్నా విరేచనం నల్లబడుతుంది, అదీ అడిగాను, ఆయన వేసుకోవడం లేదు. నేను అంతకుముందు ఇచ్చిన సీసాలన్నీ ఆ జబ్బును కప్పిపెట్టాయి తప్ప ఇంకేం చెయ్యలేదు. అందుకే చెబుతున్నాను. ఒకే మందుకోసం మూడోసారి షాపు మెట్లెక్కుతున్నారంటే, అది ఇక షాపులో తేలే వ్యవహారం కాదు.

చర్మం మీది మచ్చలకు కూడా ఇదే. తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే దురద చిటికెలో పోతుంది, ఫంగస్ మాత్రం చల్లగా పాకుతుంది, చూస్తే తామరని గుర్తుపట్టలేనట్టు రూపం మారిపోతుంది. క్రీము కొనేటప్పుడు ‘ఇందులో స్టెరాయిడ్ ఉందా?’ అని అడగడం మర్చిపోకండి.

కౌంటర్ దగ్గర ఆగకుండా నేరుగా డాక్టరు దగ్గరికో, ఎమర్జెన్సీకో పోవాల్సినవి మీకు చాలావరకు తెలిసే ఉంటాయి. ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి, కఫంలో గానీ వాంతిలో గానీ రక్తం, మాట తడబడి ఒక పక్క చచ్చుబడటం, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా విరుచుకుపడటం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. ఇవి కాక, చిన్నవిగా కనిపించి ఆలస్యాన్ని ఓర్చుకోనివి కొన్నున్నాయి. ఒంటికి ఒకే పక్క మంటతో కూడిన పొక్కుల వరస వస్తే అది అక్కి కావొచ్చు. దాని మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు. కన్ను ఎర్రబడటంతోపాటు నొప్పి ఉన్నా, చూపు మసకేసినా, మీరు కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవారైనా చుక్కల మందు కొనుక్కుని ఊరుకోకూడదు. మూత్రంలో మంటతోపాటు చలిజ్వరం, నడుము పక్కల నొప్పి ఉంటే కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు. మలేరియా ఉన్నచోట ఉంటున్నా, అక్కడికి వెళ్లొచ్చినా, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు దేనికైనా ముందు ఆ మాట చెప్పాలి.

ఇప్పుడు పాప. నాలుగేళ్ల పిల్ల కాబట్టి థర్మామీటర్‌లో అంకె ఎంతుందన్నదానికంటే, జ్వరం దిగినప్పుడు ఆడుకుంటోందా, తాగుతోందా అన్నది చూడండి. (మూడు నెలల్లోపు పసికందుకైతే 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ వస్తే చాలు, ఇంకేమీ చూడకుండా డాక్టరు దగ్గరికే.) చిరాగ్గా ఉంటే పారాసెటమాల్ ఇవ్వండి, హాయిగా నిద్రపోతుంటే మందు కోసం లేపకండి. డోసు వయసును బట్టి కాక బరువును బట్టి లెక్క కట్టమని ఫార్మసిస్టును అడగండి. కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా, కనీసం నాలుగు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పాప 16 కిలోలుంటే ఒక డోసు 240. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుంటే, ఇంకోదాంట్లో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. మొదటిదైతే 10 మిల్లీలీటర్లు పొయ్యాలి, రెండోదైతే 5 కూడా నిండక్కర్లేదు. పోయినసారి పోసిన కొలతే ఈసారీ పోస్తే రెట్టింపు పడిపోవచ్చు. వంటింటి చెంచాలు వద్దు, సీసాతో వచ్చిన కొలత మూతో, సిరంజో వాడండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనేకూడదు. వైరస్ జ్వరాల్లో అది రేయ్స్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బుకు దారితీయొచ్చు. మీ జలుబు బిళ్లలో సగం విరిచి ఇవ్వడం లాంటివీ చెయ్యకండి. చిన్నపిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌ల వల్ల లాభం పెద్దగా తేలలేదు, మత్తు లాంటి ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. దగ్గొస్తే పడుకోబోయే ముందు చెంచాడు తేనె చాలు. ఏడాదిలోపు పిల్లలకు మాత్రం తేనె పనికిరాదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు ముప్పు ఉంది.

పాప డీలాపడి కళ్లు తెరవకపోయినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, తాగడం మానేసి మూత్రం బాగా తగ్గినా, ఫిట్స్ వచ్చినా, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్రమచ్చలు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేమీ లేకపోయినా మూడు రోజులకీ జ్వరం దిగకపోతే డాక్టరుకు చూపించండి. అంతకుముందే మీ మనసుకు ఏదో తేడాగా అనిపిస్తే అది చాలు, వెళ్లడానికి.

చివరిగా ఆ రెండు నిమిషాల డాక్టరు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం అన్నిటికంటే కింద ఉంది, మీ నాన్నగారి న్యుమోనియా. మీరు యాంటీబయాటిక్ కోసం పట్టుబట్టింది కఫం రంగు చూసి కాదేమో, ఆ రోజులు గుర్తొచ్చి అనుకుంటాను. ఆ సంగతి డాక్టరుకు చెప్పారా? చెప్పి ఉంటే స్టెతస్కోపు ఇంకాసేపు మీ వీపు మీద ఉండేది. ‘న్యుమోనియా కాదు, ఎందుకంటే’ అని ఒక మాటైనా ఆయన నోట వచ్చేది. డాక్టరు ముందు కూర్చోగానే భయాన్నే మొదట చెప్పాలి. లేచేముందు, తలుపు దగ్గర, ‘అన్నట్టు డాక్టరుగారూ’ అంటూ కాదు.

మీరు ఇప్పుడు చూసుకోవాల్సినవి కూడా ఆ భయానికి సంబంధించినవే. జ్వరం మళ్లీ వచ్చినా, ఊపిరి తీసుకుంటే ఛాతీలో పొడిచినట్టున్నా, నాలుగడుగులకే ఆయాసం వచ్చినా, కఫంలో రక్తపు చారలు కనిపించినా రోజులు లెక్కపెట్టకుండా వెళ్లండి. అవేవీ లేకుండా ఉత్త దగ్గే అయితే మూడు వారాలు నిండేదాకా చూడొచ్చు. మీ చుట్టుపక్కల క్షయ ఎక్కువగా ఉంటే రెండు వారాలకే పరీక్ష చేయించుకోండి. వెళ్లిన రోజున కాగితం మీద ఇలా రాసుకుపోండి: ‘ఫలానా తేదీన జలుబుతో మొదలైంది, జ్వరం పోయింది, దగ్గు పోలేదు. మధ్యలో మూడు రోజులు, రోజుకు 4100 మిల్లీగ్రాముల పారాసెటమాల్ పడింది. స్ప్రే పన్నెండు రోజులు వాడాను. మా నాన్నగారికి ఇలాగే మొదలై న్యుమోనియా అయింది, నాకు అదే భయం. ఇది అది కాదని ఎలా తెలుస్తుంది? ఎప్పటికి తగ్గాలి?’ చదవడానికి అర నిమిషం కూడా పట్టదు.